వాక్ వాక్డ్ అయివారు

మొన్న హిందూపురం బస్టాండులో పరువు పోగొట్టుకున్నాను. పెనుకొండ బస్సు కోసం కూర్చుని ఉంటే, పక్క బెంచీ మీద ఒక తల్లి తన కూతురిచేత పరీక్ష పాఠం అప్పజెప్పించుకుంటోంది. ఆ పిల్ల చేతిలో బిస్కెట్టు ఉంది, మనసంతా దాని మీదే ఉంది. తల్లి విసుగ్గా అరచెయ్యి చాచి "ప్లే?" అంది. పిల్ల బిస్కెట్టు కొరికింది. "చెప్పవే, ప్లే?" అని తల్లి చెయ్యి ఇంకాస్త ముందుకు చాచింది. అంతే, నా నోరు నా మాట వినలేదు. "ప్లేడ్, ప్లేడ్, ప్లేయింగ్!" అని బస్టాండు దద్దరిల్లేట్టు అరిచాను. సోడాలమ్మే అతను చేస్తున్న పని ఆపి చూశాడు. పిల్ల నోట్లో బిస్కెట్టు నోట్లోనే ఉండిపోయింది. తల్లి మాత్రం నెమ్మదిగా "టీచరా అవ్వా నువ్వు?" అని అడిగింది.

టీచర్నే. రిటైరయి చాలా కాలమయింది. కానీ ఆ అరుపు టీచరుది కాదు, పెనుకొండ హైస్కూల్లో కిటికీ పక్కన కూర్చున్న ఒక నత్తిపిల్లది. ఎవరైనా అట్లా అరచెయ్యి చాచి ఒక ఇంగ్లీషు క్రియ పలికితే, మిగతా వరస చెప్పకుండా ఊరుకోవడం మా తరగతిలో చదివినవాళ్ళెవరికీ చేతకాదు. మాకు ఆ జబ్బు అంటించిన మనిషి పోయి ఎన్నో ఏళ్ళయింది. ఆయన పేరు చెప్పను. చెప్పినా ఎవరూ గుర్తుపట్టరు. వాక్ వాక్డ్ అయివారంటే మాత్రం, ఆనాటివాళ్ళు పెనుకొండలో ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే, తలెత్తి చూస్తారు.

మా వైపు బడిపంతులును అయివారంటాం. ఈ అయివారు పొట్టి మనిషి. ఎండాకాలంలో కూడా వదలని గోధుమరంగు కోటు ఒకటి ఉండేది. పెనుకొండ ఎండకి కోటగోడ రాళ్ళే పగిలేట్టుంటే, ఈయన కోటు తొడుక్కుని చెమటలు కక్కుకుంటూ బడికి వచ్చేవాడు. ఆ కోటు పెళ్ళిలో మామగారు పెట్టిందని కొందరు, ఎవరో దొర పోతూ పోతూ పారేసిందని కొందరు అనేవాళ్ళు. నాకు తెలిసిందల్లా ఒకటే. దాని కుడి జేబు ఎడమ జేబు కంటే కిందికి జారిపోయి ఉండేది. మా జవాబులన్నీ ఆ జేబులోకే పోయేవి మరి.

అదెట్లాగో చెప్తాను. ఆయన బల్ల ముందు నిలబడి, కుడిచెయ్యి చాచి, అరచెయ్యి పైకి తిప్పి "వాక్?" అనేవాడు. ఇంక నోరు విప్పేవాడు కాదు. మేమంతా ఒక్క గొంతుతో "వాక్డ్, వాక్డ్, వాకింగ్" అనాలి. అనగానే, చేతిలో ఏదో పడినట్టు గుప్పిట మూసి, జారిపోకుండా జాగ్రత్తగా కోటు జేబులో వేసుకునేవాడు. మళ్ళీ చెయ్యి చాచేవాడు. "కుక్?" "కుక్డ్, కుక్డ్, కుకింగ్." మళ్ళీ గుప్పిట, మళ్ళీ జేబు. ఆ వరస నడిచేటప్పుడు రెండో మాట ఆయన నోట ఎన్నడూ వినలేదు. ఒకసారి వెనక బెంచీవాడొకడు తెగించి, "అయివారూ, ఒకసారి మీరూ చెప్పండి" అన్నాడు.

"ఇత్తేది నేను, కోసేది మీరు," అన్నాడాయన. "నేనే ఇత్తి నేనే కోసుకునేదానికి మీరెందుకప్పా? ఇండ్లకు పోయి గొర్రెలు కాసుకోండి."

గంట కొట్టాక జేబు తట్టి చూసుకుని, "ఈ పొద్దు పంట బాగనే వచ్చింది" అనో, "ఈ పొద్దు కరువప్పా, శానా కరువు" అనో అంటూ బయటికి నడిచేవాడు. మా సీమలో కరువనే మాటను నవ్వుతూ అనగలిగిన మనిషిని ఆయన్నొక్కణ్ణే చూశాను.

క్రమం తప్పని క్రియలంటే ఆయనకు ప్రాణం. ఇష్టమొచ్చినట్టు రూపం మార్చుకునే 'గో', 'ఈట్' లాంటివి పుస్తకంలో ఉన్నాయి కాబట్టి, తప్పదు కాబట్టి, చేదుమందు తాగినట్టు ముఖం పెట్టి చెప్పేవాడు. "ఇవి పెద్దరెడ్లు. వీటికి ఒక పద్ధతీ పాడూ లేదు. బట్టీ కొట్టండి, అంతే." వాక్, ప్లే, వాష్ దగ్గరికి వచ్చేసరికి గొంతు మెత్తబడేది. "ఇవి మనట్లాంటి వాళ్ళు. వెనకాల ఒక 'డ్' తగిలిస్తే సాలు, నోరు మూసుకొని నిన్నటికి పోతాయి. ఒగదాని దారి తెలిస్తే అన్నింటి దారీ తెలిసినట్లే. నమ్మినోళ్ళను ఇవి మోసం చేయవు."

కాలాలు చెప్పడానికి ఆయన పద్ధతి వేరే ఉండేది. బోర్డు మీద అడ్డంగా ఒక గీత గీసి మూడు సున్నాలు చుట్టేవాడు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. "హిందూపురం నుంచి వచ్చినాం, అది నిన్న. ఐ వాక్డ్. పెనుకొండలో ఉండాం, ఇది ఈ పొద్దు. ఐ వాక్. ధర్మవరం పోతాం, అది రేపు. ఐ షల్ వాక్. రైలు యాడ ఉంటే అదే ఈ పొద్దు." సరిగ్గా ఆ పాఠం నడుస్తుండగానే బెంగుళూరు నుంచి వచ్చే ప్యాసింజరు స్టేషనులో కూత పెట్టి కదిలేది. ఆయన వేలెత్తి మమ్మల్ని ఊరుకోబెట్టి, ఆ చప్పుడు దూరమయ్యేదాకా వినేవాడు. "వింటిరా? ఆ బండిలో ఉండేవాళ్ళకు పెనుకొండ నిన్న అయిపోయింది," అనేవాడు. అప్పుడు మాకు అది నవ్వులాటగా ఉండేది.

నా నత్తి సంగతి కూడా చెప్పాలి. నలుగురితో కలిసి పాడితే, పద్యం చెప్తే నా మాట ఏటినీళ్ళలా సాగిపోయేది. ఒంటరిగా నోరు తెరిస్తే మొదటి అక్షరమే గొంతులో మేకు దిగినట్టు ఆగిపోయేది. అంతకు ముందు చదువు చెప్పిన అయివార్లందరూ జాలిపడి, "కూచోమ్మా, కూచో" అనేవాళ్ళు. నన్ను నిజంగా నత్తిదాన్ని చేసింది ఆ 'కూచో' అనే మాటే.

ఈయన మొదటి రోజే నా ముందుకొచ్చి చెయ్యి చాచాడు. "వాష్?"

"వ... వ... వ..."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన కూచో అనలేదు. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ చెయ్యి నా ముందే ఉంచి, తల మాత్రం తరగతి వైపు తిప్పి కళ్ళెగరేశాడు. అందరూ "వాష్డ్, వాష్డ్, వాషింగ్" అని అందుకున్నారు. వాళ్ళ గొంతుల్లో కలిసి నా గొంతూ తెగకుండా బయటికి వచ్చింది. ఆయన గుప్పిట మూసి, చెవి దగ్గర పెట్టుకుని, "నీ గొంతు గూడా పడింది పాపా దీంట్లో. బరువు తెలుస్తాండాది," అని జేబులో వేసుకున్నాడు.

ఆ తరువాత ప్రతిరోజూ మొదట చెయ్యి చాచేది నా ముందే. నేను ఎక్కడ ఆగితే అక్కడ తరగతి అందుకునేది. అది ఆ గదిలో ఒక ఆచారమైపోయింది, నవ్వేవాళ్ళే లేకుండా పోయారు. సంవత్సరం చివరికి, ఎవరూ అందుకోనక్కరలేకుండా వరస మొత్తం నేనే చెప్పిన రోజులు కూడా వచ్చాయి. తరువాత ట్రైనింగయి, నలభైమంది పిల్లల ముందు నిలబడి బతుకంతా మాట్లాడి జీతం తీసుకున్నానంటే, ఆ రోజు ఆయన చెయ్యి వెనక్కి తీసుకోకపోవడం వల్లే.

ఇనస్పెక్టరుగారు వచ్చిన రోజు ముచ్చట కూడా చెప్పకపోతే మా వాళ్ళు ఊరుకోరు. ఆయన గదిలోకి వచ్చి, ఉక్కగా ఉందని కిటికీ వైపు అరచెయ్యి చాచి "ఓపెన్..." అన్నాడు. తలుపో కిటికీయో అనబోయాడు పాపం. మేమంతా లేచి "ఓపెన్డ్, ఓపెన్డ్, ఓపెనింగ్!" అని పైకప్పు లేచిపోయేట్టు అరిచాం. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. హెడ్మాస్టరుగారి ముఖంలో నెత్తురు లేదు. "నేను అడగకముందే ఎందుకు జవాబు చెప్పారు?" అని ఇనస్పెక్టరు కోపంగా అడిగితే, మా అయివారు చేతులు కట్టుకుని, "జవాబు కాదండీ. తమరు మొదలు పెట్టినారు, పిల్లలు ముగించినారు. మొదలైంది మధ్యలో వదిలిపెట్టకూడదని మా తరగతిలో కట్టుబాటు," అన్నాడు. ఇనస్పెక్టరు కోపంగానే వెళ్ళిపోయాడు కానీ, పోయేముందు కిటికీ తానే తెరుచుకున్నాడు.

ఇంత మాటకారి ఇంటికి వెళితే మూగవాడే. కోట కింది వీధిలో, పెంకుటింట్లో ఉండేవాళ్ళు భార్యాభర్తలిద్దరే. పిల్లలు లేరు. ఆమెను మేము అయివారమ్మ అనేవాళ్ళం. బడి వదిలాక వెళ్తే, వేయించిన చెనిక్కాయలు ఒడినిండా పోసేది. ఆయన గుమ్మం దాటగానే కోటు విప్పి మేకుకు తగిలించేవాడు. మాటలు కూడా దాంతోపాటే తగిలించేవాడేమో అనిపించేది. కాళ్ళు కడుక్కోవడం, తినడం, అరుగుమీద కూర్చోవడం. ఆమె నీళ్ళిస్తే తాగేవాడు, పిలిస్తే తల తిప్పేవాడు. పోట్లాట లేదు, కోపం లేదు, మాట కూడా లేదు. ఆమెకు అక్షరం ముక్క రాదు. బడి సంగతులన్నీ మా నోటి నుంచే వినేది.

"మీ జవాబులన్నీ జేబులో యేసుకుంటాడంట కదా," అంది ఒకసారి నవ్వుతూ. "కోటు ఉతికేతప్పుడు నేనూ చెయ్యి పెట్టి చూస్తా. యాడ దాస్తాడో ఏమో, నాకు సుద్దముక్కలే తగుల్తాయి."

నవ్వుతూనే అంది. ఆ వయసులో నాకూ నవ్వే వచ్చింది.

నాకు హిందూపురం సంబంధం కుదిరింది. ఉద్యోగం ధర్మవరంలో వచ్చింది. పుట్టినిల్లు పెనుకొండ. అట్లా నా బతుకు ఆయన బోర్డు మీద గీసిన గీత మీదే పడింది. వారమంతా ధర్మవరం, సెలవులకు హిందూపురం, మధ్యలో దిగి అమ్మను చూసుకోవడం. అరవైల్లో, కొన్ని నెలలు అక్కడ దిగడం కుదరక, ఒక ఆదివారం పొద్దున పెనుకొండ స్టేషనులో దిగితే, జట్కా తోలే మస్తాన్ తాత సంచీ అందుకుంటూనే మొదలుపెట్టాడు.

"మీ వాక్ వాక్డ్ అయివారి సంగతి తెలుసునా పాపా? దొర పట్టుకున్న్యాడు."

"ఏ దొర తాతా?"

"సచ్చిన దొర. కోటదారిలో తెల్లదొర సమాధి ఉండాది సూడు, ఆడ పడిపోయినాడంట. కుడిపక్క కాలూ చెయ్యీ పోయినాయి. అది సరే, ఎవరికైనా వస్తాది. కానీ లేచినప్పటి నుంచి తెలుగు లేదు పాపా! నీళ్ళు అనే మాట రాదు. పెండ్లాం పేరు రాదు. ఒట్టి ఇంగిలీషే. దొర గాలి కాకుంటే ఇంకేంది మరి?"

హిందూపురం డాక్టరు పక్షవాతమని చెప్పి మందులిచ్చాడట. మందుల దారి మందులదే, వీధి దారి వీధిదే. దర్గాలో తాయెత్తు కట్టించారు. కదిరి తీసుకుపోయి స్వామికి మొక్కించారు. చివరికి ఒక భూతవైద్యుణ్ణి పిలిపించారు. అతను వేపమండలతో కొడుతూ, "ఎవరు నువ్వు? పోతావా పోవా?" అని అడిగితే, అయివారు ఎడమచెయ్యి చాచి "వాక్?" అన్నాడట. మూడో ఫారం దాకా చదివిన పక్కింటాయన ఎగిరి గంతేసి, "వాక్ అంటే నడిచేది! నడిచి ఎల్లిపోతానని ఒప్పుకుంటాండాడు దొర!" అన్నాడట. దొర మర్యాదస్థుడని అందరూ సంతోషించి కొబ్బరికాయ కొట్టారట. తెల్లారి మళ్ళీ "వాక్?" అనేసరికి, మాట తప్పాడని దొర మీద అందరికీ కోపం వచ్చి, రెట్టింపు కొట్టించారట.

మస్తాన్ తాత చెప్పే తీరుకి నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఏడుపొచ్చి, జట్కాలో కొంగు నోట్లో కుక్కుకున్నాను. మా అమ్మ ఇంటికి కాదు, ముందు అక్కడికే తోలమన్నాను.

ఆయన నులకమంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. మెడనిండా తాయెత్తులు. మూతి ఒక పక్కకి జారిపోయింది. మంచాన పడి ఉండగా ఆయన్ని చూడడం నాకు అదే మొదటిసారి. అంత చిన్న మనిషా అనుకున్నాను. నన్ను గుర్తుపట్టాడో లేదో తెలియదు. ఎడమచెయ్యి మెల్లగా లేచింది. అరచెయ్యి పైకి తిరిగింది.

"వాక్?"

"ఇదే పాపా పొద్దస్తమానం," అంది అయివారమ్మ. మనిషి సగమైపోయింది. "నీళ్ళిస్తే తోసేస్తాడు. సంగటి పెడితే తల తిప్పుకుంటాడు. దుప్పటి తీసినా, కప్పినా, చెయ్యి మాత్రం దించడు. సూసి సూసి, కండ్లల్లో నీళ్ళు పెట్టుకుంటాడు. ఏమి కావల్లో తెలీక సస్తాండా."

నేను ఆ చేతిని చూస్తున్నాను. ఆలోచించి చెప్పింది కాదు, బస్టాండులో వచ్చినట్టే వచ్చింది.

"వాక్డ్, వాక్డ్, వాకింగ్."

ఆయన ముఖం విప్పారింది. బాగున్న సగం మూతి నవ్వింది. గుప్పిట మూసుకుంది. వెంటనే మళ్ళీ తెరుచుకుంది. "ప్లే?" చెప్పాను. "కుక్?" చెప్పాను. "ఆస్క్?" "కాల్?" "హెల్ప్?" ఎండ అరుగు దిగి వీధిలోకి పోయేదాకా అడుగుతూనే ఉన్నాడు, చెబుతూనే ఉన్నాను. చివరికి అలసిపోయి, చంటిబిడ్డలా నిద్రపోయాడు.

అయివారమ్మ గడపకు ఆనుకుని కూలబడింది.

"ఆయప్ప అడిగేది దీన్నా?" అంది. "ఇన్ని నెల్లు దీన్నేనా అడిగింది? నేను నీళ్ళిస్తాండా పాపా. జవాబు కోసరం చెయ్యి చాపితే, నేను చెంబు ఇస్తాండా."

పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమే తేరుకుని, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నువ్వు రేపు ధర్మవరం పోతావు. రేపు చెయ్యి చాపితే ఎవరు చెప్పల్ల? నాకు నేర్పిచ్చు."

"నీకా అమ్మా?"

"నాకే. పెండ్లయినప్పటి నుంచి నాతో మాట్లాడింది లేదు ఆయప్ప. మాటలన్నీ బడిలోనే అయిపోతాయిలే అనుకుంటి. ఇప్పుడు బడి లేదు, నేనే ఉండా. ఉన్నన్ని దినాలన్నా నేను పలకల్ల కదా."

ఆదివారం ఆదివారం దిగేదాన్ని. ఆమె చెనిక్కాయలు వలుస్తూ ఉండేది, నేను ఆ పక్కనే కూర్చుని చెప్పేదాన్ని. మొదట్లో నోరు తిరిగేది కాదు. సిగ్గుతో నవ్వు ఆగేది కాదు. అన్నిటికీ తెలుగు తోక తగిలించేది. వాక్డు, కుక్డు, వాషింగు. ఆమెకు తెలిసిన పనులతోనే మొదలుపెట్టాం, వండడం, ఉతకడం, ఇంగ్లీషులో ఊడ్చడం పెద్దరెడ్ల జాతి కాబట్టి దాని బదులు తుడవడం. పొయ్యి ముందు కూర్చుని "కుక్డు, కుక్డు" అని మననం చేసుకుంటుంటే, పక్కింటామె గోడ మీది నుంచి తొంగి చూసి, "ఏమ్మే, నీగ్గూడా పట్టుకునిందా దొర?" అని ఎకసెక్కెం చేసింది.

"పట్టుకోనీలే అక్కా," అంది అయివారమ్మ. "ఇద్దర్నీ పట్టుకుంటే ఒగరితో ఒగరు మాట్లాడుకుంటారు."

బోర్డు మీది గీత కూడా చెప్పాను. బొగ్గుతో నేల మీద గీసి, హిందూపురం నిన్న, పెనుకొండ ఈ పొద్దు, ధర్మవరం రేపు అని చూపించాను. ఆమె చాలాసేపు దాన్ని చూసి, "ఆయప్ప బండి యాడ ఉండాది పాపా ఇప్పుడు?" అని అడిగింది. పెనుకొండలోనే ఉందమ్మా అన్నాను. "అయితే ఇంగా కదల్లేదు," అని చెనిక్కాయలు వలచుకోసాగింది.

మూడో వారమో నాలుగో వారమో, నేను కొత్త క్రియలు చెప్పబోతుంటే ఆపింది. "అన్నీ నేర్చుకోవాల్సిన పనేముండాది? ఆయప్ప ఏమన్నా అననీ, దాని వెనకాల 'డ్' అంటే సాలు కదా? ఆయప్ప ముందు, నేను వెనక. పెండ్లినాటి నుంచి అదే కదా నా పని."

ఆ రోజు ధైర్యం చేసి మంచం పక్కన కూర్చుంది. నేను కావాలనే గడప దగ్గర ఆగిపోయాను. ఆయన చెయ్యి లేచింది. "వెయిట్?" అన్నాడు. ఆ మాట నేను ఆమెకు నేర్పలేదు. ఆమె ఒకసారి నా వైపు చూసింది, ఆయన వైపు తిరిగింది, గొంతు సవరించుకుంది.

"వెయిటెడు, వెయిటెడు, వెయిటింగు."

ఆయన ఆమెను చూశాడు. చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ఆ చూపు నేను ఎప్పుడూ ఆ ఇంట్లో చూసింది కాదు. తరువాత గుప్పిట మూసి, ఛాతీ మీద, నడుం మీద తడుముకోవడం మొదలుపెట్టాడు. ఏం వెతుకుతున్నాడో నాకు అర్థమయ్యేలోపే ఆమె లేచి, మేకుకున్న కోటు తెచ్చి ఆయన ఒళ్ళో పరిచి, కుడిజేబు తెరిచి పట్టుకుంది. ఆయన గుప్పిట అందులో పెట్టి వదిలాడు.

"చూస్తివా పాపా," అంది, కళ్ళలోంచి ధారగా కారుతున్నా తుడుచుకోకుండా. "నా మాట గూడా పడింది."

అప్పటి నుంచి కోటు మంచం మీదే ఉండేది. తాయెత్తులు ఒక్కొక్కటే ఊడిపోయాయి. వాళ్ళిద్దరూ సాయంత్రాలు అరుగు మీద అట్లా మాట్లాడుకుంటుంటే, వీధిలో పోయేవాళ్ళు మొదట్లో నిలబడి చూసేవాళ్ళు, తరువాత చూడడం మానేశారు. ఆ కాపురంలో సుఖమనేది ఉంటే అది ఆ ఒక్క చలికాలమే. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ దేవుడి మీద కోపమే వస్తుంది. ఇచ్చేవాడు ముందే ఇవ్వచ్చు కదా.

ఎండలు ముదిరే వేళకి ఆయన మాటలు ఒక్కొక్కటే రాలిపోయాయి. కుక్ పోయింది, ప్లే పోయింది. చివరికి వాక్ ఒక్కటే మిగిలింది. తరువాత అదీ పోయి, చెయ్యి మాత్రం లేచేది. ఆమె "వాక్ అంటాండావా?" అని తానే అందించుకుని, తానే ముగించేది.

ధర్మవరంలో బడికి బయలుదేరుతుంటే అయివారు పోయాడని కబురొచ్చింది, పొద్దుటి బండిలో వచ్చినవాడెవడితోనో మస్తాన్ తాత చెప్పి పంపాడు. నేను వెళ్ళేసరికి వాకిలి నిండా మనుషులు. చాలామంది మా బడివాళ్ళే. ఒకడు బస్సు కండక్టరు, యూనిఫారంలోనే వచ్చాడు. ఒకడు హిందూపురం బెల్లం మండీలో గుమాస్తా. కిసుక్కున నవ్విన వెనకబెంచీవాడు పట్టు మగ్గాల మీద పని వదిలి, ధర్మవరం నుంచి నా బండిలోనే వచ్చాడట, నేను చూడలేదు. అయివారిని వాకిట్లో పడుకోబెట్టారు. పైన గోధుమరంగు కోటు కప్పి ఉంది.

పాడె కట్టడం అయింది. లేపబోతుంటే అయివారమ్మ "ఉండండప్పా" అంది. వచ్చి ఆయన తల పక్కన కూర్చుంది. అప్పటిదాకా ఆమె ఏడవలేదని ఆడవాళ్ళు గుసగుసలాడుకుంటున్నారు. కుడిచెయ్యి ముందుకు చాచి, అరచెయ్యి పైకి తిప్పి, ఆయన ముఖంలోకి చూస్తూ అంది.

"వాక్?"

"అయ్యో, దీనికీ మతి పోయింది తల్లీ," అంది ఒక ముసలామె. అయివారమ్మ చెయ్యి దించలేదు. ఎంతసేపైనా దించదని నాకు తెలుసు. ఆయన ఇంక పలకడు కాబట్టి ఎవరో ఒకరు పలకాలి. నేను ముందుకొచ్చాను.

"వ... వ... వ..."

ఎన్నో ఏళ్ళుగా లేని మేకు మళ్ళీ గొంతులో దిగింది. అక్షరం దాటలేక, ఆ చేతి ముందే నిలబడిపోయాను. అప్పుడు వెనక నుంచి కండక్టరు గొంతు అందుకుంది. దాంతో మగ్గంవాడి గొంతు, గుమాస్తా గొంతు, వాకిట్లో, గోడల పక్కన, వీధిలో ఉన్న మా తరగతి మొత్తం.

"వాక్డ్, వాక్డ్, వాకింగ్."

వాళ్ళలో కలిసి నా గొంతూ తెగకుండా వచ్చింది.

అయివారమ్మ గుప్పిట మూసింది. కోటు కుడిజేబు వెతికి, జారిపోకుండా జాగ్రత్తగా చెయ్యి లోపలికంటా పెట్టి, వదిలి, జేబు పైన ఒకసారి తట్టింది.

"ఇంక ఎత్తండప్పా," అంది.